మేనత్త చదివించిన కరెంటు కాయితాలు

మా నాయన పత్తి మనిషి. ప్రొద్దుటూరులో కమిషన్ అంగడి ఉండేది. బస్తాలో చేయి పెట్టి, రెండు వేళ్లతో పోగు లాగి చూసి ధర చెప్పేవాడు. ఆయనకు తెలిసిన వేదం ఒక్కటే: ధర పడినప్పుడు కొను, గోడౌన్లో వేసి తాళం పెట్టు, లేచినప్పుడు అమ్ము. పంట దిగినప్పుడు ఊరంతా సరుకే, అడిగే దిక్కుండదు. ఎండాకాలం దాటితే అదే సరుకు కోసం మిల్లువాళ్లు మన గడప అరగదీస్తారు. పత్తిలో ఈ వేదం ఫలించింది, శనక్కాయల్లో ఫలించింది. కరెంటులోనూ ఫలిస్తుందనుకున్నాడు మహానుభావుడు. అక్కడే కొంప మునిగింది. మాది అంగడి ఉండి తేలింది, మునిగింది మా అత్తది. మాదే మునిగి ఉంటే నాకింత సిగ్గు ఉండేది కాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త అది, కర్నూలు రాజధాని. మా వీధిలో వెలిగే కరెంటు గవర్నమెంటుది కాదు. కొందరు పెద్దమనుషులు వాటాలు వేసుకొని పెట్టిన కంపెనీది. ఊరి చివర రేకుల షెడ్డులో ఆయిలు ఇంజన్లు ఉండేవి. పొద్దు గూకే వేళకు అవి దడదడమని మొదలైతే మా ఇంట్లో బల్బు ముందు ఎర్రగా, తర్వాత పచ్చగా వెలిగేది. వాటాలు కొన్నవాళ్లు రెండు మూడేళ్లు మీసాలు దువ్వుకున్నారు. అంతలో ఆయిలు ధర పెరిగింది. మిల్లులు బిల్లులు ఎగ్గొట్టాయి. గవర్నమెంటు పెద్ద లైను వస్తుందని పుకారు పుట్టింది. ఇంకేముంది, వాటాలు పావలా ధరకు పడిపోయాయి. వదిలించుకుంటే చాలని జనం అంగడి అంగడికీ తిరిగారు.

మా నాయన కళ్లు మెరిశాయి.

"అందరూ అమ్ముతాండారంటే కొనే పొద్దు వచ్చిందనే," అన్నాడు అన్నం ముందు కూర్చొని. "కరెంటు లేకుండా ఇంక ఎవడన్నా బతుకుతాడా? ధర మళ్లా లేస్తాది సూడు."

మా అమ్మ చారు పోస్తూ, "పత్తయితే గోడౌన్లో పెడతావు. కరెంటును యాడ దాచిపెడతావు?" అంది. ఆయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో ఆ రోజు తెలివైన మాట అదొక్కటే, దానికే మేం నవ్వాం.

ఆయన దగ్గరున్న రొక్కమంతా వాటాల్లో పెట్టేశాడు. ఇంకా కొనాలని చేయి దురద. అప్పుడు పులివెందులలోని చెల్లెలు గుర్తొచ్చింది. మా అత్త చిన్న వయసులోనే విధవరాలైంది. పిల్లల్లేరు. మరుదుల ఇంట్లోనే ఉండేది. ఆమెకు పుట్టింటివాళ్లు పెట్టిన కాసులపేరు ఒకటి ఉండేది. వేసుకోను వీల్లేదు, అమ్మను మనసు రాదు. పెట్టె అడుగున పాత చీరలో చుట్టి పెట్టుకుంది. మరుదులు కాదంటే ఆమెకున్న దిక్కు అదే.

"పెట్టెలో పడుండే బంగారు పిల్లలు పెడుతుందా?" అన్నాడు నాయన ఆమెతో. "కంపెనీలో పెడితే ఏటేటా దుడ్లు వస్తాయి. ఎవరి ముందరా చేయి చాపే పని ఉండదు."

అత్త ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చీర మూట విప్పి అన్న చేతిలో పెట్టింది. "నాకేం తెలుసన్నా, నువ్వు చెప్పినాక సరే," అంది. ఆ కాసులపేరు ప్రొద్దుటూరు బంగారు అంగట్లో ఒక్క పూటలో కరిగిపోయింది. దాని బదులు అత్తకు వచ్చినవి ఇంజను బొమ్మ అచ్చేసిన దళసరి కాయితాలు.

మొదటి ఉగాదికి కంపెనీ నిజంగానే కొంచెం లాభం పంచింది. నాయన దాన్ని కవరులో పెట్టుకొని, నన్ను వెంటేసుకొని, జమ్మలమడుగులో బస్సు మారి పులివెందులకు పోయాడు. అత్త ఆ కవరును కళ్లకద్దుకుంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఆమెను తోడికోడళ్లు "కూర్చొని తింటాంది" అనేవాళ్లట. ఆ రోజు అత్త వసారాలో నిలబడి అందరికీ వినిపించేలా, "మా కంపెనీ దుడ్లు వచ్చినాయి. ఇంద, ఈ ఏడు నా ఉప్పూ పప్పూ నేనే తెచ్చుకుంటాండా," అని పెద్ద మరిది చేతిలో సగం పెట్టింది. ఆయన వద్దు వదినా అంటూనే పైపంచెలో ముడేసుకున్నాడు. ఆ పూట తోడికోడలే అత్తకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. మా ఊరికి పెద్ద లైను వచ్చింది. స్తంభాలు పాతారు, తీగలు లాగారు. ఒకనాటి సాయంత్రం ఇంజన్లు మొదలు కాలేదు. ఇంక ఎప్పటికీ కాలేదు. కంపెనీ సామాన్లు అమ్మగా వచ్చింది ఆయిలు బాకీలకే చాలలేదు. మా నాయన వసారాలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేదేమో, ఆయన కనీసం కోపమన్నా తెచ్చుకొనేవాడు.

మళ్లా ఉగాది వచ్చింది. నాయన అంగడి పెట్టెలోంచి దుడ్లు తీసి కవరులో పెట్టాడు. బస్సు ముద్దనూరు దాటినాక నా వైపు చూడకుండా, "అత్తకు చెప్పాకు పాపా," అన్నాడు. చెప్పలేదు. ఆ ఏడూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. కవరు అందుకొని అత్త, "ఇంజన్లు బాగా తిరుగుతాండాయా పాపా?" అని అడిగేది. "తిరుగుతాండాయత్తా," అనేదాన్ని. నాలుక ఎట్లా తిరిగిందో నాకు తెలీదు. అత్త అదే ముఖంతో, అదే గొంతుతో మరిది చేతిలో సగం పెట్టేది. మాకు నెయ్యి వేసి భక్ష్యాలు పెట్టేది. నేను కక్కలేక మింగలేక తినేదాన్ని.

నాకు జమ్మలమడుగు సంబంధం కుదిరింది. పెండ్లి మా ఇంటి ముందే, పందిట్లో. మైకు పెట్టారు. అది గవర్నమెంటు కరెంటుతోనే పలికింది మరి! తాళి కట్టినాక చదివింపులు మొదలయ్యాయి. మా దూరపు చిన్నాయన ఒకాయనది కంచు గొంతు. ఎవరు ఏమిచ్చారో పందిరి అదిరేలా చదువుతున్నాడు. వెండి చెంబు, పట్టుచీర, నగదు. నేను బాసికం కట్టుకొని పీట మీద కూర్చున్నాను. విధవ కాబట్టి అత్త లోపలి గదిలో, తలుపు వెనకాల ఉంది. తన చదివింపు ఇంకొకరితో పంపింది.

చిన్నాయన మూట విప్పి గుక్క తిప్పుకోకుండా చదివేశాడు. "పెండ్లికూతురి మేనత్త, పులివెందుల, కరెంటు కంపెనీ వాటాలు, తమకున్నవన్నీ చదివించినారు!"

పందిట్లో వెనకాల ఎవడో కిసుక్కుమన్నాడు.

"వాటాలేనా, ఇంజను గూడా ఇచ్చినారా అప్పా?"

"ఆ షెడ్డులో ఇప్పుడు ఎనుములు కట్టేస్తాండారు. పెండ్లికొడుకు పాలు పితుక్కోవాల!"

నవ్వు పందిరంతా పాకింది. పత్తి అంగళ్లవాళ్లు, మగపెండ్లివారు, పిల్లాజెల్లా అందరూ నవ్వారు. కొన్ని వాటాలు తామే మా నాయనకు అంటగట్టినవాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. అప్పుడు మా అత్త గడప దాటి పందిట్లోకి వచ్చింది. శుభకార్యంలో ఆమె అట్లా రాకూడదు. ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ఏందప్పా నగుతాండారు? నేనిచ్చినేటివి దుడ్లు కావా?"

పత్తి అంగళ్ల పెద్దాయన ఒకాయన, చెడ్డవాడు కాదు, మెల్లగా చెప్పాడు. "ఆ కంపెనీ మూతబడి శానా దినాలాయ గదమ్మా. నీకు తెలీదా?"

అత్త మా నాయన వైపు తిరిగింది. "మరి ఏటేటా నువ్వు తెచ్చిస్తాండే దుడ్లు యాడివన్నా?"

నాయన చేతిలో అక్షింతల పళ్లెం ఉంది. ఎక్కడ పెట్టాలో తోచక అట్లాగే పట్టుకున్నాడు. అత్త మరుదులిద్దరూ పక్కనే నిలబడి వింటున్నారు.

"నా దుడ్లు నేను తింటాండానని ఆ ఇంట్లో ఎంతెంత మాటలు మాట్లాడితినన్నా!" అంది అత్త. గొంతు పెంచలేదు. "నువ్వు పెడతాంటే తింటినా? నాకు చెప్పి పెట్టింటే, మా అన్న పెడతాండాడని తినేదాన్ని. ఇదేంది ఇట్ల చేస్తివి?"

నా తల దానంతటదే వాలిపోయింది. భూమి చీలితే బాగుండుననిపించింది. నా వెనక కూర్చొన్న మగపెండ్లివారి ముసలమ్మ, "పెండ్లికూతురు శానా అణకువ, తలే ఎత్తడంలేదు," అని మెచ్చుకుంది.

మరుసటి ఉగాదికి నేను పుట్టింటికి వచ్చి ఉన్నాను. నాయన మళ్లా కవరు తీశాడు. నాకు నోటికొచ్చినట్లు తిట్టాలనిపించింది గానీ ఆయన ముఖం చూసి ఊరుకొని వెంట పోయాను. అత్త కాళ్లకు నీళ్లిచ్చింది. సంగటి పెట్టింది, పక్కన చెనిగ్గింజలు నూరిన ఊరుబిండి వేసింది. ఇంజన్ల సంగతి అడగలేదు. తిన్నాక నాయన కవరును సంగటి తట్ట పక్కన పెట్టి లేచాడు. అత్త దాన్ని తీసి ఆయన సంచిలో వేసి, పైన జొన్న రొట్టెల మూట పెట్టింది.

"అన్నవు, యేటికోసారి వచ్చి ఇంత సంగటి తినిపో," అంది. "కవరు తేవాకు. నాకు కంపెనీ లేదు."

నాయన ఏదో అనబోయాడు. అంతలో లోపలి నుంచి తోడికోడలి కేక వినపడింది.

"ఎంతసేపు ఆ మాటలు? ఎనుములకు కుడితి ఎవరు పెట్టాల?"

అన్నేండ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అట్లా కేకేయగా నేను వినలేదు. మా అత్త "వస్తాండా, వస్తాండా" అంటూ చెంగు నడుముకు దోపుకొని, మాకు పోయిరమ్మని కూడా చెప్పకుండా, లోపలికి పరుగెత్తింది.