హిస్టరీ లెక్చరర్ ఇంకా రాలేదు

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, మా వైపు కాలేజీల్లో ఆడపిల్లలు వాళ్ళంతట వాళ్ళు క్లాసులోకి వెళ్ళేవారు కాదంటే ఇప్పటి పిల్లలు నేనేదో కల్పించి చెబుతున్నాననుకుంటారు. వరండా చివర లేడీస్ రూమ్ ఒకటి ఉండేది. గంట కొట్టాక లెక్చరర్ గారు ఆ గది ముందుకు వచ్చి ఒకసారి దగ్గితే, మేము పుస్తకాలు గుండెలకు హత్తుకుని ఆయన వెనకాల వరసగా నడిచి, ముందు బెంచీల్లో కూర్చుని, పాఠం కాగానే మళ్ళీ ఆయన వెనకాలే బయటికి వచ్చేసేవాళ్ళం. (ఆయనకు జ్వరం వస్తే ఆ రోజు మాకు గదే గతి.) నా ఆరేళ్ళ చదువూ ఎవరో ఒకరి వీపు చూస్తూనే సాగింది. ఆ అలవాటు నాలో ఎంత లోతుకు దిగిందో ఉద్యోగంలో చేరిన రోజున తెలిసింది.

నెల్లూరుకు దగ్గర్లో, ఉప్పుగాలికి గొళ్ళాలు తుప్పుపట్టే కాలేజీ అది. మా ఊరు చిట్టమూరులో నన్ను బస్సెక్కిస్తూ మా నాన్న, “నువ్వు భయపడబాకమ్మా, పాఠం నీకు తెలిసిందే గదా” అన్నాడు. మాటిమాటికీ జేబు గడియారం తీసి చూసే ప్రిన్సిపాల్ గారు మాత్రం భయపడడానికి కావలసినంత చెప్పారు. “ఆడవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకోవడం మా కాలేజీలో ఇదే మొదలు. ఒక వారం చూస్తాం. మీరు క్లాసు నిలబెట్టలేకపోతే, ఇంకో ఆడమనిషిని తీసుకోమని నన్నెవరూ అడగలేరు” అన్నారు. స్టాఫ్ రూములో నాకింకా కుర్చీ వెయ్యలేదట. గంట కొట్టేదాకా లేడీస్ రూములో కూర్చోమన్నారు.

అక్కడ తొమ్మిది మంది అమ్మాయిలున్నారు. నన్ను చూసి కొత్తగా చేరిన పిల్లనుకుని జరిగి చోటిచ్చారు. హాజరు పట్టీ ఒళ్ళో, సుద్దముక్క చేతిలో పెట్టుకుని, మొదటి వాక్యం ఎక్కడ మరిచిపోతానో అని దాన్నే మనసులో వల్లె వేస్తున్నాను. గంట కొట్టారు. అమ్మాయిలు లేచి గుమ్మం దగ్గర వరస కట్టారు. నేనూ లేచాను. వెళ్ళి వరసలో చివర నిలబడ్డాను.

ఐదు నిమిషాలు గడిచాయి. నా ముందు నిలబడిన పిల్ల, తడ నుంచి వచ్చి బంధువుల ఇంట్లో ఉండి చదువుకుంటోంది, వెనక్కి తిరిగి, “కొత్త అయ్యోరంట అక్కా, దోవ తెలీక యాడ తిరగతా ఉండాడో” అంది. నిజమే పాపం, అనుకున్నాను. మొదటి రోజే ఆలస్యమైతే ప్రిన్సిపాల్ గారు ఊరుకుంటారా అని ఆ మనిషి కోసం బెంగ కూడా పడ్డాను. ఇంకో ఐదు నిమిషాలకు ప్రిన్సిపాల్ గారే గడియారం పట్టుకుని వచ్చేశారు.

“హిస్టరీ లెక్చరర్ ఎక్కడ?” అన్నారు.

“ఇంకా రాలేదు సార్” అన్నాను నేను.

ఆయన నన్నూ, నా చేతిలో చెమటకు మెత్తబడిన సుద్దముక్కనూ చూశారు. అప్పుడు వెలిగింది నాకు. భూమి చీలితే దూరిపోదామనిపించింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. నాతోపాటు నా తరవాత రావలసిన వాళ్ళందరి ఉద్యోగాలూ పోగొట్టానని ఇంకా భయం వేసింది.

క్లాసుకు నేను ముందు నడిస్తే అమ్మాయిలు నా వెనకా, అందరి వెనకా ప్రిన్సిపాల్ గారూ నడిచారు. ఆయన చివరి బెంచీలో కూర్చున్నారు. వల్లె వేసిన వాక్యం ఒక్క ముక్క గుర్తు రాలేదు. వేరే దారిలేక జరిగింది జరిగినట్టు చెప్పేశాను. “ఆరేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళకుండా నేను క్లాసులో అడుగు పెట్టలేదు. అందుకని నా కోసం నేనే ఎదురు చూస్తూ నిలబడ్డాను” అన్నాను. ముందుగా తడ పిల్ల పక్కున నవ్వింది. ఆ తరవాత మగపిల్లలు నవ్వారు. నవ్వులు సద్దుమణిగాక పాఠం దానంతటదే వచ్చింది.

బయటికి వచ్చాక ప్రిన్సిపాల్ గారు, “రేపు గంట కొట్టగానే వెళ్ళి వాళ్ళను తీసుకురండి” అన్నారు.

“వాళ్ళే వస్తారు సార్” అన్నాను, నా వెనకాలే బయటికి వచ్చిన అమ్మాయిలకూ వినబడేలా. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆయన గడియారం చూసుకుని, “సరే, వారం ఉందిగా” అన్నారు.

మర్నాడు గంట కొట్టారు. నేను తిన్నగా క్లాసుకు వెళ్ళి నిలబడ్డాను. మగపిల్లలంతా ఉన్నారు. ముందు బెంచీలు ఖాళీ. వాళ్ళు రాకపోతే నా మాట మొదటి వారంలోనే నీళ్ళపాలు. హాజరు పిలవకుండా పట్టీని రెండుసార్లు తిరగేశాను. అంతలో వరండాలో చెప్పుల చప్పుడైంది. గుమ్మంలో తడ పిల్ల, దాని వెనక మిగతా ఎనిమిది మందీ. వాళ్ళ ముందు ఎవరూ లేరు.

“రావచ్చునా మేడం?” అంది.

“అడగబాకండి, రండి” అన్నాను. నా కళ్ళు చెమర్చాయి. బోర్డు వైపు తిరిగి, ఏమీ రాయని బోర్డును తుడిచాను.

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. అయినా నేటికీ బ్యాంకులోనైనా పెళ్ళి మంటపంలోనైనా గుమ్మం ముందు నా కాలు ఒక్క క్షణం ఆగుతుంది. “ఎవరి కోసం అమ్మమ్మా?” అంటుంది మనవరాలు, అప్పటికే తను లోపలికి వెళ్ళిపోయి. హిస్టరీ లెక్చరర్ కోసమని చెప్పి, నవ్వుకుంటూ నేనూ వెళతాను.