సైజింగ్ అన్న మెట్టు

ఆ రోజుల్లో సూరత్‌లో మాకు సొంతమైనది ఏదీ ఉండేది కాదు, ఆఖరికి పడుకునే పక్క కూడా. పాండేసరలో మా గదిలో పన్నెండు మందిమి, పరుపులు ఆరు. పగటి పాళీకి పోయేవాడు లేవగానే రాత్రి పాళీ చేసి వచ్చినవాడు అదే పరుపు మీద ఒరిగేవాడు. మొదటి రెండేళ్ళు నేను చల్లటి పక్క ఎరుగను. ఎప్పుడు వాలినా అవతలివాడి ఒంటి వేడి, అవతలివాడి తలనూనె వాసన, ఒక్కోసారి అవతలివాడికి రావలసిన కల కూడా నాకే వచ్చిందేమో అని అనుమానం. అందుకే, ఒక మనిషి కూర్చోగలిగినంత రాతిమెట్టు కోసం ఇరవై ఏళ్ళ వయసులో నేను చేసిన యాగీ ఇప్పటివాళ్ళకు అర్థం కాదు. మొన్న ఆదివారం తాపీ ఒడ్డున చూశాను. గాలాలు వేసే ఇద్దరు యువకులు రెయిలింగు దగ్గర జాగా కోసం కొట్టుకుంటున్నారు. ఒకడు తన హెల్మెట్ పెట్టి పోయాడట, రెండోవాడు దాన్ని పక్కకు తోశాడట, మొదటివాడు తాను ముందొచ్చినట్టు ఫోనులో ఫోటో చూపిస్తున్నాడు. మర్యాద తెలియని జనం అని నాకు ఒళ్ళు మండింది. (మండిన కాసేపటికి నా చరిత్ర నాకే గుర్తొచ్చి చల్లబడ్డాను. ఆ చరిత్రే ఇది.)

నన్ను సూరత్ తీసుకొచ్చింది మా అక్క మగడు, మా బావ. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడడం నేర్పిందీ ఆయనే, ఆదివారం పొద్దున్నే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తాపీ ఒడ్డుకు తీసుకుపోయిందీ ఆయనే. అక్కడ పాత రాతిమెట్లు నీళ్ళలోకి దిగి ఉంటాయి, ఓవారా అంటారు. చలికాలం పొద్దున పొగమంచు ఎంత దట్టంగా పట్టేదంటే పై మెట్టు మీద నిలబడితే కింది మెట్టు మీది మనుషులు తలలు లేని దుప్పట్లలా కనిపించేవారు. ఎవరూ మాట్లాడరు. దగ్గు వినిపిస్తుంది, దగ్గిన మనిషి కనిపించడు. మొదటి రోజే నేను ఇంకో ఘోరం చూశాను. నది ఆగిపోయింది. చెత్త, ఆకులు, పూలదండలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. తరవాత, ఎవరో కింద నుంచి పట్టి లాగుతున్నట్టు అన్నీ మెల్లగా వెనక్కి, ఎగువకు పోవడం మొదలుపెట్టాయి. మా ఊరి వాగు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి పల్లానికే పారింది. నేను బావ చొక్కా పట్టుకున్నాను. సముద్రం దగ్గరలో ఉందని, పోటు వస్తే నది తిరుగుతుందని బావ చెప్పాడు గాని, చెప్పిన తరవాత కూడా అది నది చేయవలసిన పనిగా నాకు తోచలేదు.

ఆ ఓవారాకు ఒక కాయిదా ఉండేది. ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. ఒకరి గాలపు తంగూసు దాటి అడుగు వేయకూడదు. ఎన్ని పడ్డాయని అడగకూడదు. కూర్చున్నవాడి వెనక నిలబడి మాట్లాడకూడదు. నది తిరిగే ముందు నీళ్ళు నిలిచే ఆ కాసేపు అందరూ గాలాలు ఎత్తాలి, సముద్రం వైపు కూర్చున్నవాడు మొదట, ఎగువవాడు చివర, లేకపోతే తిరిగే నీటికి తంగూసులన్నీ పెనవేసుకుంటాయి. అన్నిటికన్నా పెద్ద నియమం కట్టెది. ఒక్కొక్కరికి ఒక పంగల కట్టె, గాలం ఆనించడానికి రాళ్ళ సందులో దిగగొట్టి ఉంటుంది. కట్టె ఎక్కడుంటే అది ఆ మనిషి జాగా. మంచి జాగా నాలుగో మెట్టు ఎడమ అంచు. అక్కడ ఒక నున్నటి కట్టె ఉంది, దానికి గాలం ఉంది, తంగూసు బిగిసి నీళ్ళలోకి పోయి ఉంది, బెండు తేలుతోంది. మనిషి లేడు. ఒక ఆదివారం కాదు, మూడు ఆదివారాలు చూశాను. ఎర మాత్రం ప్రతిసారీ తాజాగా ఉండేది.

ఓవారాకు పెద్ద నశ్యం మామ. ముక్కుపొడుం డబ్బా లేకుండా ఆయన చెయ్యి నేనెప్పుడూ చూడలేదు. ఆ జాగా ఖాళీగానే ఉంది గదా, నేను కూర్చుంటానని అడిగాను.

"ఖాళీ ఏడున్నది బిడ్డా," అన్నాడు, అటు చూడకుండానే. "ఆడ మనిషి ఉన్నడు."

నేను చూశాను. పొగమంచు తప్ప ఏమీ లేదు. అదే క్షణంలో బెండు ఒకసారి మునిగి తేలింది, నేను ఒక మెట్టు వెనక్కి ఎక్కాను. భయపడ్డప్పుడు ఉపన్యాసం ఇవ్వడం నాకు చిన్నప్పటి నుంచీ జబ్బు. బడికి పోకపోయినా పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చినవాణ్ణి, అట్ట చిరిగిన పౌరశాస్త్రం పుస్తకం ఒకటి నా ట్రంకులో ఉండేది. నది ప్రజలందరిదని, గాలికీ నీటికీ పట్టాలు ఉండవని, లేని మనిషికి జాగా ఇచ్చి ఉన్న మనిషిని నిలబెట్టడం ఏ చట్టంలో ఉందని గట్టిగా అడిగాను. నశ్యం మామ ఓపికగా విన్నాడు, రెండు ముక్కుల్లోకీ పొడుం ఎక్కించాడు.

"నది ఎవలదీ కాదు. మెట్టు ఆయనది," అన్నాడు.

నాకు చూపించిన జాగా మెట్ల చివర, ఎక్కడి నుంచో రంగునీళ్ళు మోసుకొచ్చే కాలువ పక్కన. ఒక వారం నీళ్ళు ఎర్రగా, ఒక వారం పచ్చగా. అక్కడ నాకు పడింది ఒకే ఒక జెల్ల చేప, దాని మీసాలు ఊదారంగులో ఉన్నాయి. బావ దాన్ని వండనన్నాడు. గది ముందుకు వచ్చే పిల్లి కూడా వాసన చూసి, నా మొహం చూసి, వెళ్ళిపోయింది.

ఇక లాభం లేదని ఒక శనివారం సాయంత్రం పోయి ఆ నున్నటి కట్టె పీకి పక్కన పడేసి నా కట్టె దిగగొట్టాను. పొద్దున్నే పోయి చూస్తే నా కట్టె కాలువ దగ్గర ఉంది, నున్నటిది దాని సందులోనే ఉంది. మళ్ళీ వారం మళ్ళీ పీకాను, మళ్ళీ అంతే. ఒక్కరు తిట్టలేదు, ఒక్కరు నా వైపు చూడలేదు. తిడితే ఎదురు తిట్టవచ్చు, ఏమీ అనని మనుషులతో ఏం చేస్తాం? మూడో వారం కట్టె జోలికి పోకుండా, అందరికన్నా ముందే పోయి, ఆ మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. లేపండి చూస్తాను అనుకున్నాను.

మంచులోంచి ఒక్కొక్కరే వచ్చి తమ తమ జాగాల్లో కూర్చున్నారు. కాసేపటికి నా కుడి పక్క దుప్పటిలోంచి మెత్తటి గొంతు వినిపించింది.

"మోకాలు ఎట్లుందన్నా?"

ఆయనకు నా తండ్రి వయసుంటుంది. నాకు మోకాలి నొప్పి లేదన్నాను. "జర నయమైతే మంచిదే," అన్నాడాయన. ఎడమ వైపు నుంచి వెలిగించిన బీడీ ఒకటి నా చేతిలోకి వచ్చింది. నాకు బీడీ అలవాటు లేదు, కాని ఆ మంచులో, కనిపించని చేతిలోంచి వచ్చినదాన్ని వద్దనే ధైర్యం రాలేదు, తాగాను. నేను ఫలానా, ఫలానావాడి బామ్మర్దిని అని రెండుసార్లు చెప్పాను. అందరూ తలలూపారు. ఎవరూ నవ్వలేదు, అదే నన్ను చంపింది. బెండు మునిగింది, గుంజాను, మూరెడు జెల్ల పడింది. అప్పుడు నశ్యం మామ లేచి వచ్చి దాన్ని తడి గోనెలో చుట్టి నా ఒళ్ళో పెట్టి, నీ ఇంటిదానికి ఇయ్యిపొమ్మన్నాడు. నాకు పెళ్ళే కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు సైకిలు తొక్కుతూ బావ అసలు సంగతి చెప్పాడు. ఆ మెట్టు ఒక సైజింగ్ మనిషిది, మగ్గానికి పోయే పడుగుకు గంజి పట్టించే పని. అందరికీ సైజింగ్ అన్న. ఛాతీలో జబ్బు చేసి మందు తినడానికి ఊరికి, తల్లి దగ్గరికి పోయాడు. భార్యా పిల్లలు ఇక్కడే, సూరత్‌లోని డిండోలిలో ఉన్నారు, ఆమె ఇంట్లో కూర్చుని చీరల దారాలు కత్తిరిస్తుంది. మనిషి తిరిగి వచ్చేదాకా కట్టె ఉంటుంది, ఆ కట్టెకు పడిన చేప ఆ ఇంటికి పోతుంది.

"ఆయన జాగల కూసున్నోడు ఆయనోలెనే కూసోవాలె. గదే ఈడి కాయిదా," అన్నాడు బావ.

ముందే చెప్పవచ్చు గదా అన్నాను.

"ఎప్పుడు చెప్పాలెరా? నువ్వు నోరు మూస్తివా?"

నేను పంతం కొద్దీ ఆ మెట్టు వదలలేదు. పరాయి పేరు మీదనైనా సరే, వారానికి నాలుగు గంటలు నాకొక జాగా ఉంది. గోనె పట్టుకుని డిండోలి పోయేవాణ్ణి. సైజింగ్ అన్న భార్యను వదినా అని పిలిచేవాణ్ణి. ఆమె చేప తీసుకుని, గోనె ఖాళీగా ఇవ్వకూడదని నాలుగు పచ్చిమిరపకాయలు వేసి ఇచ్చేది. "ఇయ్యాల మీ అన్న బాగనే పట్టిండు," అనేది. ఒకసారి ఉండబట్టలేక, పట్టింది నేను వదినా అన్నాను. ఆమె దారాలు కత్తిరిస్తూనే, "అవు, ఆయన గూడ గట్లనే అంటడు," అంది. రెండు నెలలు తిరిగేసరికి నేను బీడీలు కొనుక్కుంటున్నాను. మూడో నెలలో, మెట్లు దిగుతుంటే ఎడమ మోకాలు పట్టేసింది. సాంచాల దగ్గర పని చూసే జాబరు ఎందుకు కుంటుతున్నావని అడిగితే మెట్ల మీద జారానన్నాను. ఒక పొద్దున చాలా పెద్ద చేప పడి, నేను తొందరపడి గుంజితే తంగూసు తెంపుకుని పోయింది. మంచులో ఎవరూ చూడలేదు. సిగ్గుతో నేను ఎవరికీ చెప్పలేదు, బావకు కూడా.

శివరాత్రి దగ్గరపడుతుండగా ఊరి నుంచి వచ్చినవాడొకడు కబురు తెచ్చాడు. తాను బస్సు ఎక్కేటప్పుడు సైజింగ్ అన్న ఇంటి ముందు చావు డప్పులు కొడుతున్నారట. ఉత్తరం వచ్చేదాకా ఆమెకు చెప్పవద్దని, అంతదాకా కట్టె కదపవద్దని నశ్యం మామ అన్నాడు. అందరూ తలలు వంచుకున్నారు, నేనూ వంచుకున్నాను. కాని ఇన్నేళ్ళకు నిజం రాస్తున్నాను, వంచిన తలలో ఒక మూల సంతోషం ఉంది. ఇక మెట్టు నాదే. ఆ రోజు డిండోలిలో వదిన గోనెలో మిరపకాయలు వేస్తుంటే ఆమె మొహం చూడలేక గోడ చూశాను.

మరుసటి ఆదివారం మంచు ఎన్నడూ లేనంత చిక్కగా ఉంది. నీళ్ళు నిలిచే వేళయింది. కింది నుంచి ఒకరి తరవాత ఒకరు గాలాలు ఎత్తారు, నా వంతు వచ్చింది, ఎత్తాను. చప్పుడు లేదు. నదిలో ఒక బంతిపూల దండ కదలకుండా నా ఎదురుగా నిలబడి ఉంది. అప్పుడు వెనక, సరిగ్గా నా మెడ వెనక, ఎవరో ఊపిరి పీల్చారు. కర్పూరం కలిపిన నూనె వాసన.

"మోకాలు ఎట్లుందన్నా?"

"జర నయమే," అన్నాను, అలవాటు కొద్దీ. అన్న తరవాత, ఈ ఓవారాలో ఎవరూ వెనక నిలబడరు గదా అని తట్టింది. తిరిగి చూశాను. కంబళి, కంబళిలో ఎముకలు, వాటి పైన ఒక మొహం. వదిన ఇంట్లో గోడ మీది ఫోటో నేను ప్రతి వారం చూసేదే, గుర్తుపట్టాను. నా మనసులోని సంతోషం సంగతి ఈయనకు తెలిసిపోయింది, అందుకే వచ్చాడు అనుకుని నదిలోకి దూకాను.

అది నది కాదు, బురద. తొడల దాకా దిగిపోయాను. ఎదురుగా బంతిపూల దండ మెల్లగా ఎగువకు కదిలింది. పోటు మొదలైంది.

"కదలకు," అన్నాడు నశ్యం మామ, తన మెట్టు మీద నుంచే. "కదిలితే ఇంక దిగుతవు."

కంబళి మనిషి వంగి, సందులోంచి తన కట్టె పీకి నా వైపు చాచాడు. చచ్చినవాడి కట్టె పట్టుకోనని నేను అరిచాను. నీళ్ళు నడుముకు వచ్చాయి.

"పట్టుకుంటవా, లేకుంటె నిజంగనే నా తోటి వస్తవా?" అన్నాడు సైజింగ్ అన్న, దగ్గుకుంటూ.

పట్టుకున్నాను. నలుగురు కలిసి గుంజారు. పైకి వచ్చాక తాకి చూశాను, చెయ్యి వెచ్చగానే ఉంది. డప్పులు పక్కింటి ముసలాయనకు కొట్టినవట. ఆయన తన మెట్టు మీద కూర్చుని, కట్టె దిగగొట్టుకుని, నాకు మాత్రమే వినిపించేటట్టు అన్నాడు.

"పెద్దది తెంపుకపోయింది గద. జర ఇడిసి గుంజాలెరా."

మీకెట్ల తెలుసు అన్నాను. ఊళ్ళో పండుకుని ఉంటే ఆ పొద్దున చెయ్యి గుంజిందన్నాడు, వాన పడిందన్నంత మామూలుగా.

బురదలో ముంచిన బొమ్మలా నిలబడి, మరి నా జాగా సంగతేమిటని అడిగాను. అందరూ గాలాలు వేసుకునే పనిలో పడ్డారు. కృతజ్ఞత లేని జనమని, ఇక ఈ ఓవారా మొహం చూడనని చెప్పి కుంటుకుంటూ వెళ్ళిపోయాను. రెండు ఆదివారాలు అలిగి పరుపు మీద పడుకున్నాను. మూడో ఆదివారం నిద్రలో ఉండగా బావ వచ్చి నా పక్కన తడి గోనె పెట్టాడు. విప్పితే జెల్ల.

"నీదే," అన్నాడు. "సైజింగ్ అన్న పక్కకు జరిగి నీకో కట్టె పెట్టిచ్చిండు. దానికి పడ్డది."

నేను రాలేదు గదా, గుంజింది ఎవరని అడిగాను. మంచులో చూడలేదన్నాడు. ఆ పొద్దున నా చెయ్యి ఏమైనా గుంజిందా అంటారేమో, అబద్ధం చెప్పను, మొద్దు నిద్రలో ఉన్నాను. గది అంతా పడుకుని ఉంది. నా కంట్లో నీళ్ళు తిరిగాయి. బావ చూడకుండా చేపను చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పాను. బెత్తెడు కూడా లేదు. నా పేరు మీద ఇంత చిన్న చేపను పట్టింది ఎవరు, దీన్ని చూసి రేపు నలుగురూ నన్నేమనుకోవాలని బావ మీద ఎగిరాను. ఆ సంగతి తేల్చుకోవడానికే మరుసటి ఆదివారం అందరికన్నా ముందు ఓవారాకు పోయాను. పోయి, తేల్చకుండానే, పద్దెనిమిదేళ్ళు కూర్చున్నాను.