కాటా మీద ఇల్లాలు

పూర్వం రాజులు తమ ఎత్తు బంగారం తూయించి దానం చేసేవారని పుస్తకాల్లో చదువుతాం. ఎంతమంది చేశారో ఆ పుస్తకాలకే తెలియాలి. సముద్రం ఒడ్డునున్న ఈ బుల్లి విమానాశ్రయంలో మాత్రం దీవులకు వెళ్లే ప్రతి మనిషినీ నిజంగానే తూస్తారు. విమానం అంత చిన్నది మరి. సంచితోపాటు మనిషి బరువూ లెక్కే. తూచే ఆయన్ని అందరూ కాటాగారంటారు. ఒళ్లున్నవాళ్లు కాటా ఎక్కి బిక్కమొహం వేస్తే, బరువు పైకి చదవకుండా రాసుకుని, "దూదిపింజలా ఉన్నారు, పదండి" అని సాగనంపడం ఆయన అలవాటు.

ఆ సాయంత్రం పసిబట్టల మూటతో కాటా ఎక్కింది ఆయన భార్య. దీవిలో ఆమె చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. తల్లి లేని ఆ పిల్లను ఈవిడే పెంచింది. సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలు ఆపేశారు. ఇక ఈ విమానమే దిక్కు.

"ఎదురుగాలండీ. ఇంధనం ఎక్కువ పోయించాను. ఒకరు దిగాలి," అన్నాడు పైలట్, కాటాగారి మొహం చూడకుండా.

ఎవరని అడగక్కర్లేదు. సిబ్బంది ఇంటివాళ్లకు ప్రయాణం ఉచితం; బరువు మించితే ముందు దిగేదీ వాళ్లే.

"చెప్పులు విప్పేస్తా, గాజులు తీసేస్తా. మళ్లీ చూడండి," అంది భార్య.

"చూశానే."

"ఊరందరినీ దూదిపింజల్ని చేస్తారుగా! కట్టుకున్నదాన్ని ఒక్కసారి చెయ్యలేరా?"

"అది నోటిమాటేగా. రాసేది రాయాలి కదే."

వరసలోని ముసలాయన తన సంచి వదిలేస్తానన్నాడు. మరొకావిడ తన పెట్టె ఉంచేస్తానంది. పైలట్ లెక్క చూసి తల అడ్డంగా ఊపాడు. సీటు వదులుకుంటానని మాత్రం ఎవరూ అనలేదు. వాళ్లనీ తప్పు పట్టలేం, గాలి ఎప్పటికి తగ్గుతుందో ఎవరికెరుక?

"పాప బట్టల మూట ఇవ్వండమ్మా. నేను అందిస్తాను," అన్నాడు పైలట్.

ఆవిడ మూటను భర్త చేతుల్లోకి తోసింది. "దీన్నీ తూయండి, మీ ముచ్చట తీరుతుంది!"

ఆయన తూచాడు. తూయక తప్పదు.

విమానం లేచిపోయాక ఫోన్ మోగింది. మరదలు.

"బావా, అక్క ఎక్కిందా?" రొప్పుతోంది.

భార్య కిటికీ ఊచలకు నుదురు ఆనించి అటు తిరిగి నిలబడి ఉంది.

"బట్టలు వస్తున్నాయమ్మా," అన్నాడు.

"అక్కో?"

ఫోన్ భార్యవైపు చాచాడు. ఆవిడ అందుకోలేదు.