రాణి లేని పెట్టె

మాఘమాసంలో అకాలంగా వచ్చిన గాలివాన కోడూరు శివారు కొబ్బరితోటలోని దుర్గాదేవి తేనెపెట్టెను బోర్లా పడేసింది. కొన్నేళ్ల కిందట తేనెటీగలకు రోగం తగిలి ఆమె మిగతా పెట్టెలన్నీ ఖాళీ అయినప్పుడు బతికి బట్టకట్టింది ఆ ఒక్కటే. చేపలవేట తప్ప వేరే పని ఎరగని ఇంట్లో పుట్టిన మనిషి, గుడివాడ వెళ్లి ఈగలు పెంచడం నేర్చుకొస్తే ఊరంతా నవ్వింది. ఆమె మాత్రం వదల్లేదు.

పెట్టె నిలబెట్టి మూత తీసింది. ఈగల రొద మూలుగులా ఉంది. రెండు తేనెపట్టుల మధ్య రాణి ఈగ నలిగి చచ్చిపోయింది.

"ఇంకెందుకే అది? పిండేస్తే ఉన్న తేనన్నా దక్కుద్ది," అన్నాడు భర్త గంగరాజు.

"పట్టులో గుడ్లున్నాయి మావా. కూలి ఈగలే ఇంకో రాణిని చేసుకుంటాయి. చూద్దాం."

అన్నట్టే కూలి ఈగలు పట్టు అంచున వేరుశనక్కాయంత గది కట్టి, అందులోని పిల్లపురుగును ప్రత్యేకంగా మేపాయి. కొన్నాళ్లకు కొత్త రాణి బయటపడింది. దుర్గాదేవికి అసలు భయం అప్పుడు పట్టుకుంది. రాణి బయటికి ఎగిరి పోతు ఈగలతో కలిసి రావాలి. లేదంటే అది పెట్టే గుడ్లన్నీ పోతు ఈగలే అవుతాయి. అవి తేనె తేవు, పిల్లల్ని సాకవు. ఉన్న కూలి ఈగలు రాలిపోతే పెట్టె ఖాళీయే.

ముసురు ఎంతకీ వదల్లేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఎండ కాసింది. ఆమె అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తేసరికి రాణి ఎగిరిపోతోంది. కరెంటు తీగ మీది నల్లపిట్టలు దూకి దూకి ఈగల్ని పట్టుకుంటున్నాయి. ఆమె కొబ్బరిమట్ట ఊపుతూ అరిచింది. గంగరాజు వల పక్కన పడేసి వచ్చి మట్టిగడ్డలు విసిరాడు. ఇంతలో మళ్లీ మబ్బు కమ్మింది.

"వచ్చిందా?"

"ఏమో మావా. అంత గుంపులో ఏది దిగిందో తెలీలా."

బెదురుతాయని కొన్నాళ్లు మూత తీయలేదు. తీసిన రోజు గదులకు మైనం మూతలు పడి ఉన్నాయి. పట్టు అంచున మూతలు ఉబ్బెత్తుగా కనిపించాయి. అవి పోతు ఈగల గదులు. ఆమె పట్టును మెల్లగా వెలుతురు వైపు తిప్పింది. నడిమి భాగమంతా మూతలు చదునుగా ఉన్నాయి. అన్నీ కూలి ఈగలే!

దుర్గాదేవి అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చేసింది.

ఆ ఏడు తేనె తీయలేదు. మరుసటేడు ఆ పెట్టెను రెండు చేసింది.