ఎజ్రా చెప్పని బోర్లు

కంభం దగ్గర పల్లెలో ఉండే బోరు బండి ఎజ్రా మాటలు విన్నవాళ్ళెవరూ ఇది కరువు ప్రాంతమంటే నమ్మరు. ఆయన చెయ్యి పడిన చోటల్లా నీళ్ళు కరెంటు స్తంభం దాటి లేచాయి. గిద్దలూరు వైపు ఒక బోరులో ఐదొందల అడుగుల లోతు నుంచి బతికున్న చేప పైకొచ్చి డ్రైవరు ఒళ్ళో పడింది. దర్శి దగ్గర నీళ్ళు ఎంత జోరుగా తన్నాయంటే, ఓనరు టోపీ ఎగిరిపోయి పక్కూరి వేపచెట్టు మీద దొరికింది. దాన్ని దించేటప్పటికి అందులో కాకి గుడ్లు పెట్టేసింది. వినేవాళ్ళు పడీపడీ నవ్వేవారు. ఎజ్రా మాత్రం నవ్వేవాడు కాదు. ఇరవై రెండేళ్ళుగా బోరు బండి మీద రాడ్లు బిగిస్తున్న మనిషి. ఆ మోతకి చెవులు సగం పోయాయి, గొంతు రెట్టింపైంది. తెల్లారగానే బండి వీధి మలుపులో రెండుసార్లు హారన్ కొడితే ఆ చెవులకు అదొక్కటే ఠక్కున వినపడేది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా లేచిపోయేవాడు.

ఆయన కూతురు ఫెబీ. కంప్యూటర్లలో ఎమ్మెస్సీ చేసి, మార్కాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. తండ్రి మాటలు తాగి పెరిగిన పిల్ల కాబట్టి, ఆ మాటల్నే కంప్యూటర్లోకి ఎక్కించింది. నీటిజాడ అని ఒక ప్రోగ్రాము రాసింది. ఏ పొలంలో బోరు వేశారు, ఎన్ని రాడ్లు దిగాయి, ఎన్ని అంగుళాల నీళ్ళు పడ్డాయి అని రైతులకు ఫోన్లు చేసి అడిగి, అన్నీ అందులో పెట్టింది. నీళ్ళు పడే అవకాశం ఉన్న చోట మ్యాపు నీలంగా మారుతుంది. ఆరువందల నలభై బోర్లు ఎక్కేసరికి పడమటి ప్రకాశం అంతా సముద్రం అడుగున ఉన్నట్టు కనిపించింది. ఎజ్రాకి చూపిస్తే, "నేను చెప్తాంటే ఒక్కడు నమ్మినాడా? ఇప్పుడు మిషనే చెప్తాంది," అని మీసం దువ్వుకున్నాడు.

ఇలాంటివాళ్ళ కోసం బెంగుళూరులో ఒక సంస్థ ఏటా ఫెలోషిప్పులు ఇస్తుంది. పరిశోధనకు పనికొచ్చే ప్రోగ్రాములు రాసి, వాటి చుట్టూ పదిమందిని కూడగట్టి, నేర్పించేవాళ్ళకు రెండేళ్ళు జీతం. పేపర్లెన్ని అచ్చయ్యాయని అడగరు. నీ ప్రోగ్రాముని ఎవరు వాడుతున్నారు, అందులో తప్పుంటే ఎవరు దిద్దుతారు అని అడుగుతారు. చదువు ముగిసి ఐదేళ్ళు దాటినవాళ్ళకు అవకాశం లేదు. ఫెబీకి ఇదే ఆఖరి ఏడాది. దరఖాస్తు చేసిన నాలుగొందల మందిలో చివరి తొమ్మిదిమందిలోకి వచ్చింది. ఇక మిగిలింది వీడియోలో ఇంటర్వ్యూ.

సరిగ్గా దానికి రెండు రోజుల ముందు వెలిగండ్ల నుంచి మాలకొండయ్య ఫోన్ చేశాడు. పాత రైతు, నీటిజాడలో పేరున్నవాడే.

"అమ్మాయ్, నీ మ్యాపులో మా పడమటి చేను నీలంగా ఉందే. రేపు బోరేస్తాండా. మీ నాయన బండే వస్తాంది."

ఫెబీ కాలేజీకి సెలవు పెట్టి, ఫోన్ నిండా చార్జింగు పెట్టుకుని వెళ్ళింది. నీళ్ళు పైకి తన్నుతుంటే వీడియో తీసి ఇంటర్వ్యూలో చూపించాలని ఆశ.

ఎజ్రా ఒకదాని వెనక ఒకటి రాడ్లు బిగిస్తున్నాడు. పది, ఇరవై, ముప్పై. కూతురి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ముప్పై ఆరో రాడ్డు దిగాక, అంటే ఏడువందల ఇరవై అడుగుల దగ్గర, డ్రైవరు కంప్రెసర్ ఆపేశాడు. అప్పటిదాకా పైకి వచ్చిందల్లా దుమ్మే. మెత్తటి తెల్ల పిండి. చేను మీద, బండి మీద, ఫెబీ తలమీద, వీడియో తీస్తున్న ఫోన్ మీద సమానంగా పరుచుకుంది.

మాలకొండయ్య తిట్టలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"సరేలే. ఇది ఏడోది."

"ఏడోదేంది మామా? నాకు ఒక్కటే చెప్పినావు కదా, మూడంగుళాలు పడినాయని."

"పడిన ఒక్కటీ చెప్పినా. పడని ఐదూ ఎట్ల చెప్తా? ఎండిన బోరు గురించి ఎవురన్నా నోరిప్పుతారా? అందులో నాలుగు మీ నాయన చేత్తో వేసినవే. ఆయన్నడుగు."

ఎజ్రా రాడ్లు విప్పుతున్నాడు. చెవులు వినపడనట్టే ఉన్నాడు.

పంటి డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో, ఫెబీకి ఒళ్ళంతా అలా అయింది. బస్సెక్కింది. టికెట్ తీసుకుంది. ఎక్కడ దిగాలో కండక్టరే చెప్పాడు. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి లెక్క చూసుకుంది. ఆరువందల నలభై బోర్లలో ఎండినవి పదకొండు. ఈ నేలమీద! పదో తరగతి పిల్లాడైనా పట్టుకునే తప్పు అది. అందరూ తమ గొప్పలు చెప్పారు, ఆమె వాటిని నీలంగా పూసింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

సాయంత్రం ఎజ్రా స్నానం చేసి వచ్చాడు.

"నాయనా, మాలకొండయ్య మామ చేలో వట్టిపోయిన బోర్లున్నాయని నీకు తెలుసు. చెప్పలేదేంది?"

"గిద్దలూరులో ఒకసారి ఏమైందో తెలుసా పాపా, ఐదొందల అడుగుల్లోంచి చేప..."

"చేప సంగతి తెలుసు నాయనా."

ఎజ్రా తల తుడుచుకోవడం ఆపాడు. "బండి మీద ఆ మాట అనగూడదు. అంటే తర్వాత బోరు గూడా అట్లే పోతది. అన్నోణ్ణి ఓనరు బండి దించేస్తాడు. అంతే."

ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద చిన్నప్పటి మామిడికాయల దొంగతనం కూడా ఒప్పుకునే ఎజ్రా, ఎండిన బోరు ఒక్కటి కూడా ఎవరి దగ్గరా ఒప్పుకున్న పాపాన పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాలేజీ ల్యాబులో ఇంటర్వ్యూ. తెరమీద ముగ్గురు. పద్మావతి గారని పెద్దావిడ మాట్లాడారు. "మీ మ్యాపు చాలా బావుందమ్మా. వాడుతున్నవాళ్ళ అనుభవం ఏదైనా చూపిస్తారా?"

దుమ్ము వీడియో తప్ప ఇంకేదైనా చూపించవచ్చు. కంభంలో నీళ్ళు పడిన బోరు ఫొటోలు పది ఉన్నాయి. ఫెబీ వేలు వాటిమీద ఒక క్షణం ఆగింది. తర్వాత దుమ్ము వీడియోనే పెట్టింది. ధైర్యమో, నిజాయితీయో కాదు. అబద్ధం చెప్పాలన్నా కొంత ఓపిక కావాలి, అది లేదు.

"నా మ్యాపు తప్పండీ. మా దగ్గర ఎండిన బోర్లు ఎవరూ చెప్పరు. నేను అడగలేదు కూడా."

పద్మావతి గారు కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. "మేమిచ్చేది మ్యాపుకి కాదమ్మా, మనుషుల్ని కూడగట్టేవాళ్ళకి. ఆ ఎండిన బోర్లు చెప్పగలిగినవాళ్ళు ఒక్కరైనా మీతో ఉన్నారా? వారంలో ఆ వివరాలు పంపితే మళ్ళీ చూస్తాం. లేకపోతే మాకూ దారి లేదు."

"ఒకాయన ఉన్నాడండీ," అంది ఫెబీ. "చెప్పడు."

ఇంటికెళ్ళి తండ్రితో అదే చెప్పింది, గొంతులో ఎత్తూ పల్లం లేకుండా. "నువ్వు చెప్తే ఆ ఫెలోషిప్పు వస్తదేమో. చెప్పకుంటే రాదు. వచ్చే ఏడు నాకు లేదు." ఐదు రోజులు హారన్ మోగింది, ఐదు రోజులూ ఎజ్రా వెళ్ళి వచ్చాడు. ఆ ఐదు రోజులూ ఇంట్లో ఒక్క చేప కథ కూడా వినపడకపోయేసరికి తల్లి సుశీలమ్మ, "ఈయనకి జొరమేమన్నా వచ్చిందా?" అని నుదురు తడిమి చూసింది.

ఆరో రోజు హారన్ మోగింది. ఎజ్రా లేవలేదు. మళ్ళీ మోగింది. బండి వెళ్ళిపోయింది. అప్పుడు కుర్చీ తెచ్చుకుని, ఫెబీ ల్యాప్‌టాప్ దగ్గర గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"రాసుకో. వెలిగండ్ల మాలకొండయ్య పడమటి చేను. ముప్పై ఆరు. దుమ్ము."

ఫెబీ టైపు కొట్టింది.

"అదే చేను, బాట పక్కన. ముప్పై ఒకటి. దుమ్ము."

ఏ కాగితమూ లేదు. ఇరవై రెండేళ్ళ బోర్లు, ఎవరి పొలం, ఏ గట్టు పక్కన, ఎన్ని రాడ్లు, అన్నీ వరసగా వచ్చాయి. కరెంటు స్తంభాలు దాటిన నీళ్ళు ఒక్కచోటా లేవు. సుశీలమ్మ రెండుసార్లు టీ పెట్టింది, రెండూ చల్లారాయి. మధ్యాహ్నానికి మూడువందల డెబ్బై అయ్యాయి. మ్యాపులో నీలం చిరిగి చిరిగి పేలికలైంది.

"అయిపోయినాయా నాయనా?"

"ఇంకొకటుంది." ఎజ్రా గోడవైపే చూస్తున్నాడు. "మన ఎకరం. ఇరవై ఎనిమిది. దుమ్ము."

ఆ ఎకరంలోకి రాళ్ళ వల్ల బండి పోదని చిన్నప్పటి నుంచీ చెప్పారు. అందుకే బోరు లేదనీ, అందుకే అమ్మ ఇంకొకరి చేలో కూలికి పోతుందనీ. ఫెబీ తల్లివైపు చూసింది. సుశీలమ్మ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆమెకీ తెలుసు.

ఫెబీ ఇరవై ఎనిమిది కొట్టింది. దుమ్ము అని కొట్టింది. పంపింది.

ఫెలోషిప్పు వచ్చింది. మెయిల్ వచ్చేసరికి ఆమె మొదటి సంవత్సరం వాళ్ళ రికార్డులు దిద్దుతోంది. రెండుసార్లు చదివి, మిగిలిన పదకొండు రికార్డులూ దిద్ది, అప్పుడు ఇంటికి ఫోన్ చేసింది. మొదటి సమావేశానికి బోరు బండ్ల మీద పనిచేసేవాళ్ళు ఇరవైమందిని పిలిస్తే ఇద్దరు వచ్చారు. ఒకడు పేరు రాయొద్దన్నాడు. ఇంకొకడు తొమ్మిది బోర్లు చెప్పి, టిఫిన్ కూడా తినకుండా వెళ్ళిపోయాడు.

ఓనరు బండి దించేశాక ఎజ్రా ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. చేప కథ మళ్ళీ మొదలైంది. ఈ మధ్య అది ఐదొందల నుంచి ఎనిమిదొందల అడుగులకు దిగింది. తెల్లారగానే బోరు బండి వీధి మలుపు తిరుగుతుంది. హారన్ కొట్టదు. ఆ నిమిషం ఎజ్రా చేతిలో ముద్ద అలాగే ఆగుతుంది. చప్పుడు కంభం రోడ్డెక్కాక నోట్లో పెట్టుకుంటాడు.