అమ్మ నోట్లో దొరసాని

ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచి మా అమ్మ మొదట అడిగింది నీళ్లు. అడగడంలో వింతేమీ లేదు. అడిగిన తీరుకే నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను.

"నాఖు కొంచం నీల్లు ఇవ్వవే," అంది.

నాలుక మడతపడాల్సిన చోట మడతపడలేదు. మాట చివర అనవసరంగా పైకి లేచింది. మా ఊరి బంగారు గని ఆఫీసర్ల పాత బంగళా వరండాలో నిలబడి ఒక ఇంగ్లీషు దొరసాని పనిమనిషితో తెలుగు మాట్లాడితే ఎట్లుంటుందో, అచ్చం అట్లుంది.

నేను నవ్వాను. పక్క మంచం వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. బతికింది, అప్పుడే నా మీద ఎకసెక్కం మొదలుపెట్టింది అనుకున్నాను. "చాల్లేమ్మా, ముందు నీళ్లు తాగు, తర్వాత ఆడుకుందువు నాతో," అన్నాను. అమ్మ నవ్వలేదు. నా మొహంలోకి చూసింది. తన గొంతు తనకే ఎవరో వెనకనుంచి పిలిచినట్టు వినబడిందేమో, చెయ్యి మెల్లగా నోటి దగ్గరికి పోయింది.

నేనెందుకు నవ్వానో చెప్పాలంటే మా అంగడి గురించి చెప్పాలి.

రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో మాది పాత్రల అంగడి. స్టీలు, ఇత్తడి, కొంచెం అల్యూమినియం. మా ఊళ్లో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ అందరికీ వచ్చు. వాటితో గొప్పలు పోవడానికి లేదు. కానీ మా అమ్మకు వచ్చింది భాషలు కాదు, యాసలు. గడప తొక్కిన మనిషి ఒక్క మాట అంటే చాలు, వాళ్లది ఏ పక్కో పట్టేసేది. మదనపల్లి మనిషితో మదనపల్లి మాట, గని కూలీల లైను ఇళ్ల నుంచి వచ్చిన వాళ్లతో వాళ్ల ఇంటి తమిళం, ముళబాగిలు వాళ్లతో సగం కన్నడం కలిపిన తెలుగు. వచ్చినవాళ్లు "మీదీ మా పక్కేనా అక్కా?" అని పొంగిపోయేవాళ్లు. ఆ పొంగులో తపేలా ధర అడగడం మరిచిపోయేవాళ్లు. నాన్న పోయాక అంగడి నిలబడింది ఆ నోటి మీదే. నేను పెళ్లయి పక్క వీధిలోనే కాపురముంటున్నా, పగలంతా ఆమె పక్కన కూర్చుని ఆ విద్య చూస్తూ పెరిగినదాన్నే, ముసలిదాన్నవుతున్నదాన్నే.

నాకు మాత్రం కావలసింది వేరే. చిన్నప్పుడు క్రిస్మస్ ముందు కేకు గిన్నెల కోసం ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ వచ్చేది. ఆమె ఇంగ్లీషులో రెండు మాటలంటే, ఎవరికీ దమ్మిడీ తగ్గించని మా నాన్న అడక్కుండానే తగ్గించేవాడు. పైగా గిన్నెను తన కండువాతో తుడిచి ఇచ్చేవాడు. నాలాంటి అంగడిపిల్లకు అంతకంటే పాఠం ఏం కావాలి? భాష కాదు, ఆ యాస ఉంటే లోకమంతా తగ్గింపే అని అప్పుడే తీర్మానించుకున్నాను. మా ఊరి ఇంగ్లీషు నాకూ వచ్చు. కానీ అది గనిలో దిగి పైకి వచ్చిన ఇంగ్లీషు, దుమ్ము దులుపుకోదు. బెంగళూరు హోల్‌సేల్ వాడు నా నోరు వినగానే ధర పెంచుతాడని నా అనుమానం.

అందుకని ఈ మధ్య ఫోన్లో ఒక క్లాసులో చేరాను. ఇంగ్లీషును ఇంగ్లండు వాళ్లలా పలికించే క్లాసు. నేర్పే పిల్ల ఫీజు చెప్పగానే బేరమాడి సగానికి తెచ్చాను. అందుకే నాకు సగం యాసే వచ్చిందని అమ్మ అనేది. పొద్దున షట్టరు ఎత్తకముందు అద్దం ముందు నిలబడి పెదాలు గుండ్రంగా చుట్టి సాధన చేస్తుంటే, అమ్మ వెనకనుంచి అదే వంకరతో తెలుగు మాట్లాడేది.

"ఏమే, నోట్లో ఉడుకు ఇడ్లీ పెట్టుకున్నట్టు మాట్లాడతా ఉండావు. మింగన్నా మింగు, ఊయన్నా ఊయి!"

కాబట్టి ఆసుపత్రిలో నేను నవ్వానంటే నా తప్పు ఏముంది?

డాక్టరు చెప్పాకే అది ఎకసెక్కం కాదని తెలిసింది. మెదడులో ఒక చిన్న నాళంలో రక్తం గడ్డకట్టిందట. చెయ్యీ కాలూ దక్కాయి, జ్ఞాపకం దక్కింది, మాటలూ దక్కాయి. కానీ మాటను మలిచే చోట దెబ్బ తగిలింది. "చాలా అరుదమ్మా. వినేవాళ్లకు పరాయి దేశం యాసలా అనిపిస్తుంది. కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు," అన్నాడు.

"మా అమ్మ ఎప్పుడూ దేశం దాటలేదు సార్," అన్నాను, అదేదో రుజువు చూపిస్తే ఆయన రోగం వెనక్కి తీసుకుంటాడన్నట్టు. "ఆమెకు ఇంగ్లీషు కూడా సరిగ్గా రాదు."

"ఇంగ్లీషుతో దీనికి సంబంధం లేదమ్మా."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నేను డబ్బు కట్టి, అద్దం ముందు మూతి వంకర్లు పోయి, ఇన్నాళ్లు అడుక్కున్నా రాని యాస అడగని ఆమెకు ఉచితంగా వచ్చింది. దేవుడితో బేరమాడడం తెలియనిదాన్ని నేనొక్కదాన్నేనా అనిపించింది. నవ్వు రాబోయి మధ్యలోనే ఆగిపోయింది.

ఇంటికొచ్చాక అమ్మ పట్టుబట్టింది, అంగడికి వస్తానని. వచ్చి తన స్టూలు మీద కూర్చుంది. తమిళంలో మాట్లాడినా దొరసానే, కన్నడంలోనూ దొరసానే. పక్క గాజుల అంగడి ఆయన పలకరించడానికి వచ్చి, ఆమె నోరు తెరవగానే గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏంది వదినా, లండన్ పోయి వచ్చినావా?" అన్నాడు. అని వెంటనే నాలుక కరుచుకున్నాడు. అమ్మ నవ్వేసింది. అంతవరకూ బాగానే ఉంది.

ఒక శనివారం గనులు చూడ్డానికి బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు కొందరు చిన్న ఇత్తడి చెంబుల కోసం మా అంగట్లోకి వచ్చారు. అమ్మ ధర చెప్పింది. అందులో ఒక అమ్మాయి కళ్లు పెద్దవి చేసి, ఫోను బయటికి తీసి, అమ్మ మొహానికి దగ్గరగా పెట్టింది.

"ఆంటీ, ఎంత క్యూట్‌గా ఉంది! ఇంకోసారి చెప్పండి ఆంటీ, ప్లీజ్!"

నేను ఫోను పక్కకు నెట్టాను. ఏం జరిగిందో అర్థంకాక ఆ పిల్ల సారీ చెప్పి చెంబు కొనుక్కునే పోయింది. అమ్మ ఆ చెంబును కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ తర్వాత నోరు తెరవలేదు.

మామూలుగా కాదు, అసలు తెరవలేదు. ఇంట్లో చేతులతో చెప్పేది. నేను బతిమాలితే మొహం తిప్పుకునేది. డాక్టరు చెప్పాడు, మాట్లాడకుండా ఉంటే ఉన్న మాట కూడా మొద్దుబారుతుందని. మా అమ్మంటే నాకు నోరే. ఆ నోరు మూసేసుకుని స్టూలు మీద కూర్చున్న మనిషిని చూస్తుంటే, ఇంట్లో మనిషి పోయినట్టే ఉండేది, కానీ ఎవరితో చెప్పుకుని ఏడవాలి, ఆమె ఎదురుగానే ఉంది కదా!

బోణీ కూడా నాకే వదిలేసింది. మా అంగట్లో బోణీ అంటే అమ్మదే. పొద్దున మొదటి మనిషి ఉత్తి చేతులతో గడప దిగకూడదు. ఎంత చిన్న గరిటైనా సరే కొనిపించి, ఆ మొదటి నోటు కళ్లకద్దుకుని పెట్టెలో వేసేది. నా బోణీ చూసి ఆమె కళ్లు మూసుకునేది. ఆ క్లాసు ఫీజు దగ్గర పులినే గానీ, ఊరివాళ్లు "ఇంగ తగ్గించమ్మా" అంటే కాదనలేను.

అట్లా ఒక పొద్దున ఇంకా ఎండ గుమ్మంలోకి రాకముందే ఒక పెద్దావిడ వచ్చింది. నంగలి నుంచి మొదటి బస్సుకు వచ్చిందట. గృహప్రవేశం ఉంది, పాలు పొంగించడానికి మంచి ఇత్తడి గిన్నె కావాలంది. నేను చూపించాను. ఆవిడ గిన్నెను గోటితో టంగుమనిపించి, పక్కన పెట్టి, నేను చెప్పిన ధరలో సగం చెప్పింది. నేను ఒక మెట్టు దిగాను. ఆవిడ కదల్లేదు. నేను ఇంకో మెట్టు దిగాను. వెనక స్టూలు కిర్రుమంది.

"అంతకి ఇవ్వలేం," అంది అమ్మ.

గిన్నె జారి నా కాలి మీద పడబోయింది. ఎన్నాళ్ల తర్వాత విన్న గొంతు అది! ఆగలేకపోయింది పాపం. నేను ఊరికే ఇచ్చేస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. కానీ ఆ మాట దొరసాని మాటగానే వచ్చింది. బిరుసుగా, పైనుంచి, బంగళా మెట్ల మీంచి చెప్పినట్టు.

నంగలి ఆవిడ మొహం మాడిపోయింది.

"ఏమ్మా, పల్లెటోళ్లమని ఎగతాళి చేస్తా ఉండావా? మాకు తెలీదనుకున్నావా, మా నాయన గనిలో దిగినాడు. దొరసానులు మా అమ్మతో ఇట్లనే మాట్లాడేటోళ్లు. నీ గిన్నె నువ్వే పెట్టుకో!" అని సంచి భుజాన వేసుకుంది.

అమ్మ మళ్లీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు తెలిసిపోయింది, ఆవిడ ఇప్పుడు గడప దిగితే అమ్మ మళ్లీ ఈ జన్మలో మాట్లాడదు. బోణీ పోతే పోనీ, నాకు ఈ మనిషి కావాలి. ఏం చెయ్యాలో తోచలేదు. తోచకుండానే నా నోట్లోంచి వచ్చేసింది.

"యాడికి పోతావక్కా? పొద్దున్నే వచ్చి, గడప తొక్కి, కాసిన్ని చల్లని నీళ్లన్నా తాగకుండా పోతావా? కూచో. ఆ సంచి దించు. నీ ఇంట్లో పాలు పొంగల్ల గానీ, నా అంగట్లో నువ్వు పొంగితే ఎట్లా?"

అది నా మాట కాదు. నా గొంతే గానీ, ఆ లాగుడు, ఆ విరుపు, చివర్లో ఆ దబాయింపు, అన్నీ అమ్మవి. చిన్నప్పటి నుంచీ ఆ స్టూలు పక్కన కూర్చుని విన్నది నాకు తెలీకుండానే లోపల చేరి కూర్చుందా? ఇంగ్లండు పలుకు కోసం అద్దం ముందు తంటాలు పడ్డదాన్ని, ఈ పలుకు ఎప్పుడు ఒంటబట్టిందో నాకే తెలీదు. అమ్మ నన్ను దయ్యాన్ని చూసినట్టు చూస్తోంది.

నంగలి ఆవిడ ఆగింది. అప్పుడు చెప్పాను, మా అమ్మకు జబ్బు చేసిందని, మాట ఇట్లా తిరిగిపోయిందని, ఎగతాళి కాదని. ఆవిడ నమ్మినట్టు లేదు. నేరుగా అమ్మ ఎదురుగా పోయి నిలబడి అడిగింది.

"ఏ ఊరు నీది?"

అమ్మ నా వైపు చూసింది. నేను సాయం చెయ్యలేదు. గాజుల అంగడి ఆయన తన అంగడి ముందు నీళ్లు చల్లుతూ చల్లుతూ ఆగిపోయాడు.

"రాయల్పాడు పక్క," అంది అమ్మ మెల్లగా, దొరసానిలాగే. తర్వాత ఏం అనుకుందో, ఆగలేదు. తమది మామిడితోపుల దగ్గర ఇల్లని, నంగలికి చిన్నప్పుడు తన మేనత్తను ఇచ్చారని, ఆ మేనత్త గృహప్రవేశంలో పాలు పొంగింది ఇట్లాంటి గిన్నెలోనేనని, పలచటి గిన్నె అయితే పాలు పొంగకముందే అడుగంటుతాయని, గృహప్రవేశం రోజు పాలు మాడితే ఆడబిడ్డలు ఏడాదంతా అదే మాట్లాడతారని, అందుకే ఈ మందం గిన్నెకు ఈ ధర అని, అయినా నువ్వు మా మేనత్త ఊరిదానివి కాబట్టి ఇంత తగ్గిస్తానని, ఇంక ఒక్క రూపాయి కూడా తగ్గదని! అన్నీ ఆ ఇంగ్లండు రాగంలోనే. దొరసాని తన మేనత్త పేరు చెప్పి బేరమాడుతోంది!

నంగలి ఆవిడ నోటి మీద వేలేసుకుని విన్నది. చివరికి సంచి కింద పెట్టి నవ్వింది.

"అమ్మో! మాట దొరసానిది గానీ, బేరం మన పక్కదే. ఇంగ నాకు అనుమానం లేదు. కట్టించు తల్లీ."

అమ్మ నోటు కళ్లకద్దుకుంది. పెట్టెలో వేసింది. ఆవిడ పోతూ పోతూ వెనక్కి తిరిగి, "నువ్వు మాట్లాడు తల్లీ, గమ్మునుంటే గిన్నెలు అమ్ముడుపోవు," అంది.

ఆ తర్వాత అంగడి కాసేపు ఖాళీగా ఉంది. నేను కళ్లు తుడుచుకుంటున్నానని అమ్మ చూడకుండా గిన్నెలు సర్దుతున్నట్టు నటించాను. కొడుకులు లేని తల్లికి నేనే దిక్కని లోకం జాలిపడేది. నాకు మాత్రం ఆమె నోరే దిక్కు. అది తిరిగొచ్చింది. వేరే యాస కట్టుకుని వచ్చినా, వచ్చింది.

"ఏమే," అని వెనకనుంచి పిలుపు.

"ఏమ్మా?"

"నా మాట దొంగిలించినావు కదా."

"నువ్వు ఇప్పుడు దాన్ని వాడడం లేదు కదా, ఊరికే పడుండాదని వాడుకున్నాను," అన్నాను.

అమ్మ స్టూలు నా వైపు జరుపుకుంది. తర్వాత లండన్ నుంచి వచ్చినట్టు వచ్చింది ఆ గొంతు, చాలా గంభీరంగా.

"వాడుకుంటే వాడుకో. సరిగ్గా వాడు. ఆ 'యాడికి' ఇంకా లాగల్ల. అట్లా తుంచితే ఎవురూ ఆగరు. ఏదీ, మళ్లీ అను."

షట్టరు కింద నిలబడి, మళ్లీ అన్నాను.