మాకు పరుపు ఉందండీ, ఏమీ అనుకోకండి

జవాబుగారి కంట ఏదైనా ప్రకటన పడిందంటే ఆయన దానికి జవాబు రాసి తీరవలసిందే. మనలాంటివాళ్లం పేపర్లో ప్రకటన కనిపిస్తే పేజీ తిప్పేస్తాం, టీవీలో వస్తే మంచినీళ్లకి లేస్తాం. ఆయన మంచినీళ్లకి లేచినవారు కూడా గ్లాసు పక్కనపెట్టి వచ్చి కూర్చుంటారు. చివరి అక్షరం దాకా చదివి, అడ్రసు రాసుకుని, "మీ ప్రకటన పూర్తిగా చదివాను. బాగుంది. మాకు పరుపు ఉందండీ, ఏమీ అనుకోకండి" అని కబురు చేస్తే గానీ ఆయనకి ముద్ద దిగదు.

ఒక్క పరుపులవాళ్లతో పోలేదు. జుట్టు మొలిపించే నూనెవాళ్లకి, "నా తల విస్తీర్ణానికి మీ సీసాలు చాలవు, మీరే నష్టపోతారు" అని రాశారు. పొట్ట తగ్గించే బెల్టు కంపెనీకి, "ప్రస్తుతం పొట్ట లేదు, వచ్చిన వెంటనే మీకే తెలియజేస్తాను" అని మాటిచ్చారు. ఆయన అసలు పేరు రేషను కార్డులోనే మిగిలిపోయింది. వీధి వీధంతా జవాబుగారనే అంటుంది.

ఈ జబ్బుకి పెళ్లినాటి నుంచీ సాక్షి ఆయన భార్య.

"వాళ్లేమన్నా మిమ్మల్ని అడిగారా?" అనేది ఆవిడ.

"అడిగారుగా! 'మీకు మంచి పరుపు కావాలా?' అని ఇంతలేసి అక్షరాలతో అడిగారు."

"ఊరందర్నీ అడిగారండీ!"

"ఊరందరూ ఊరుకున్నారు. ఒక్కడైనా పలక్కపోతే ఎలా?"

ముప్పై నాలుగేళ్లు ఆయన ఒక పేపరాఫీసులో చిన్న ప్రకటనల కౌంటరు చూశారు. కౌంటరు కింద గదిలోనే అచ్చుయంత్రం. అది తిరుగుతుంటే గోడలూ, బల్లలూ, మనుషుల దవడలూ కలిసి వణికేవి. ఆ హోరులోనే జనం వచ్చి తమకి కావలసినదీ, తాము పోగొట్టుకున్నదీ చెప్పుకునేవారు. కుట్టుమిషను అమ్ముతాం, గది అద్దెకి ఇస్తాం, ఇల్లు వదిలి వెళ్లిన తమ్ముడూ తిరిగి రా, ఎవరూ ఏమీ అనరు. సాయంత్రం ఇంటికొచ్చి ఇవన్నీ భార్యకి చెబుతుంటే, నవ్వీ నవ్వీ ఆవిడ టీ చల్లారిపోయేది. ఉన్నట్టుండి ఆయన నవ్వాపి, "ప్రతి ప్రకటన వెనకాలా ఒక మనిషి వీధివైపు చూస్తూ కూర్చుని ఉంటాడోయ్" అనేవారు. అప్పుడావిడ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసేది. ఆవిడకి ఆ మాట కూడా ఇష్టంగానే ఉండేది.

రిటైరయ్యాక ఆయనకి జవాబు రాయడానికి ప్రకటనలు చాల్లేదు. పక్కవాటాలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని పట్టుకుని ఒక వెబ్‌సైట్ పెట్టించారు. రోజూ పొద్దున్నే కౌంటరు నాటి పాత ప్రకటన ఒకటి అందులో వేస్తారు. ఆయన గుర్తుచేసుకుని చెబుతారు, ఒకప్పటి టైపిస్టు గనక ఆవిడ టకటకా కొడుతుంది. "పోయినది: నల్ల గొడుగు. దొరికినవారు వానలు తగ్గేదాకా వాడుకోవచ్చును." ఇలాంటివి చదవడానికి జనం వచ్చేవారు. పేజీకి కుడిపక్కన ఒక ప్రకటనల కంపెనీవాళ్లు తమ ప్రకటనలు వేసుకుని, చూసినవాళ్ల లెక్కన నెలనెలా ఇంత అని పంపేవారు. ఆ డబ్బుతో ఆయన, కొనుక్కోలేని ముసలివాళ్లకి చెవి మిషన్లు కొనిచ్చేవారు. చెవుల డాక్టరుగారు మనుషుల్ని పంపేవారు, జవాబుగారు నోటుబుక్కులో వరసనంబరు వేసుకునేవారు.

"ఇన్ని దానాలుండగా చెవి మిషన్లే ఎందుకండీ?" అని ఆవిడ ఒకసారి అడిగింది.

"వినపడనివాడు జవాబెలా చెబుతాడు?" అన్నారాయన.

ఇంతవరకూ బాగానే ఉంది. బాగులేనిదల్లా సాయంత్రం పూట. ఐదింటికి ఆవిడ వంటింట్లో కిటికీ కింద గట్టు దగ్గర నిలబడి కూరగాయలు తరుగుతూ మాట్లాడేది. ముందుగదిలో ఆయన ఉత్తరాలు రాసుకునేవారు. రాత్రి కలలో అమ్మ కనపడిందని చెప్పేది. మోకాలి సంగతి చెప్పేది. "ఇద్దరం ఒకసారి సముద్రం చూసొద్దామండీ" అనేది. అటునుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మూడేళ్లుగా ఇదే వరస.

"మీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే!" అని చేతిలో చాకుకి చెప్పుకునేది ఆవిడ.

పోనీ మనిషి మూగనోము పట్టారా అంటే అదీ కాదు. గుమ్మంలోకి పోస్టుమాన్ వస్తే అతని మొహంలోకి చూస్తూ అరగంట మాట్లాడతారు. కుళాయి బాగుచేసేవాడితో వాడి మేనత్త ఆస్తి తగాదా దాకా వెళతారు. అదివరకు ప్రకటనలవాళ్లకి ఫోన్లు చేసేవారు, ఇప్పుడు అదీ మానేసి అందరికీ ఉత్తరాలే. పిచ్చికి ప్రమోషనొచ్చిందనుకుంది ఆవిడ. లోకంలో పరుపులమ్మేవాడికి కూడా జవాబుంది, తనకి మాత్రం లేదు. పాత రోజుల సాయంత్రం ఒక్కటి, చల్లారిపోయిన టీతో సహా, ఎవరైనా తిరిగిస్తే బాగుండునని ఆవిడకి ప్రాణం కొట్టుకుపోయేది.

అలా ఉండగా ఒకరోజు ప్రకటనల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. "మీ పేజీలో మా ప్రకటనలను మీ ఇంటినుంచే రోజుకి నూటయాభైసార్లు నొక్కుతున్నారు. ఇది మోసం. మీ ఖాతా మూసివేశాం."

"మోసమా?" జవాబుగారు తెల్లబోయారు. "నొక్కకపోతే లోపల ఏం రాశారో ఎలా తెలుస్తుంది? తెలియకపోతే జవాబెలా రాస్తాను?"

అదే మాట నాలుగు పేజీల్లో రాసి పంపారు. పాపం, జవాబులు రాసేవారికి జవాబు రాలేదు.

పేజీ కుడిపక్కన ప్రకటన ఉండే చోట తెల్లటి గడి మిగిలింది. ఆయన తొమ్మిది రోజులు ఆ గడి వంకే చూస్తూ కూర్చున్నారు. పీడా పోయింది, ఇప్పుడైనా నాతో మాట్లాడతారని ఆవిడ లోపల్లోపల సంబరపడింది. ఐదింటికి రోజూ కన్నా రెండు మాటలు ఎక్కువే మాట్లాడింది. పలుకు లేదు. పదోరోజు పొద్దున ఆవిడకి ఒళ్లు మండింది. ఆయన స్నానానికి వెళ్లగానే కంప్యూటరు ముందు కూర్చుని ఆ తెల్లగడిలో టకటకా కొట్టేసింది.

"కావలెను: మాట్లాడే మనిషి. అరవై తొమ్మిదేళ్లవారు, బట్టతల ఉన్నవారు అర్హులు. ఇదే ఇంట్లో ఉండేవారికి ప్రాధాన్యం. సాయంత్రం ఒక గంట చాలును. టీ ఇవ్వబడును. వివరాలకు: వంటిల్లు."

ఆయనొచ్చి కూర్చున్నారు. చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. ఆవిడ తలుపు చాటునుంచి చూస్తోంది. ఆయన తెల్లకాగితం తీశారు, కలం తీశారు. మధ్యాహ్నం దాకా రాశారు. మడిచి, కవరులో పెట్టి, తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, కుర్చీలోకి వెళ్లిపోయారు.

"ప్రకటనదారుగారికి. మీ ప్రకటన పూర్తిగా చదివాను. బాగుంది. మీరడిగిన మనిషిని నేనే అనుకుంటాను. కానీ సరుకులో లోపం ఉంటే ముందే చెప్పాలి. నా కుడిచెవి పోయి మూడేళ్లయింది. ఎడమదీ ఆ వెంటనే పోయింది. అచ్చుయంత్రం పుణ్యమా అని మనుషుల పెదవులు చూసి మాట గ్రహించడం కౌంటరు దగ్గరే నేర్చుకున్నాను. అందుచేత ఎదురుగా ఉన్నవాళ్లతో నెట్టుకొస్తున్నాను. మీరు అటు తిరిగి మాట్లాడతారు. మాట్లాడుతున్నట్టు మీ జడ కదలడం బట్టి తెలుస్తుంది. ఇటు తిరగమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడిగితే మీకు తెలిసిపోతుంది, తెలిస్తే మీరు నన్ను మిషన్ల వరసలో ముందుకి తోస్తారు. ఏమీ అనుకోకండి."

ఆవిడ ఉత్తరం పట్టుకుని వచ్చి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మూడేళ్లు!" అంది.

"మూడేళ్లు," అన్నారు ఆయన, ఆవిడ పెదవుల వంక చూస్తూ.

"నేను తిట్టిన తిట్లన్నీ?"

"ఒక్కటీ చేరలేదు."

"హమ్మయ్య!" అని, అంతలోనే కోపం తెచ్చుకుని, "పెన్షనొస్తోందిగా, ఒక మిషను కొనుక్కోవచ్చుగా?" అంది.

"కొన్నాను. కొట్లోంచి బయటికొస్తుంటే ఒకాయన మెట్లమీద కూర్చుని మనవరాలి మాట వినపడక ఏడుస్తున్నాడు. ఇచ్చేశాను."

"మళ్లీ కొనాల్సింది!"

"మళ్లీ కొన్నాను." ఆయన తల దించుకున్నారు. "ఆ మెట్లమీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారోయ్."

ఆవిడ నోటుబుక్కు లాక్కుని చూసింది. ఆయన పేరు నాలుగుచోట్ల రాసి నాలుగుచోట్లా కొట్టేసి ఉంది. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా చివరికి జరుగుతూ పోయారు. ప్రస్తుతం నంబరు పదిహేడు. ఆయన పైన పదహారుగురు. వాళ్లందరికీ మిషన్లు రావాలి, అప్పుడు గానీ ఈయన చెవి తెరుచుకోదు. ప్రకటనలు చూస్తే సున్న.

"ఇకమీదట ఈ పుస్తకం నా దగ్గర ఉంటుంది. మీరు ముట్టుకున్నారంటే చూడండి!" అని ఆవిడ లేచి, తిన్నగా ఫోను దగ్గరికెళ్లి పరుపుల కొట్టుకి చేసింది.

"అయ్యా, జవాబుగారింటి నుంచి మాట్లాడుతున్నాను."

"ఏ జవాబుగారు? 'మాకు పరుపు ఉందండీ' ఆయనా?" అవతల కొట్టాయన గొంతు లేచింది. "ఆ ఉత్తరం మా బల్లమీద అద్దం కింద పెట్టానమ్మా! ఇరవయ్యేళ్లలో మా ప్రకటనకి వచ్చిన జవాబు అదొక్కటే. ఏమైంది, పరుపు పాడైందా?"

"పరుపు బాగానే ఉందయ్యా. మీ ప్రకటన మా పేజీలో వేస్తాం, కంపెనీలూ గింపెనీలూ మధ్యలో లేవు. మావారితో నేను మాట్లాడాల్సింది మూడేళ్లది పేరుకుపోయింది. పదహారు మిషన్లు అడ్డం ఉన్నాయి."

కొట్టాయనకేం అర్థమైందో గానీ ఏడాదికి సరిపడా ప్రకటన ఇచ్చాడు. ఆవిడ ఆగలేదు. నూనెవాళ్లు, బెల్టులవాళ్లు, జవాబుగారి ఉత్తరం అందుకున్న ప్రతివాళ్లనీ పట్టుకుంది. ఒకప్పుడు ప్రకటన పేరెత్తితే మండిపడే మనిషి, ఇప్పుడు కొట్టుకొట్టుకీ తిరిగి గడి ఇంతని బేరాలాడింది. వరస కదిలింది. పదిహేడు కాస్తా పదకొండైంది, ఏడైంది, వానలు వెనకపట్టేసరికి నాలుగైంది. సాయంత్రాలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నారు. కానీ పెదవులు చూసి పట్టుకునేది మాటే కదా, గొంతు కాదు. తన గొంతు ఆయన చెవిన పడాలని ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంటోంది.

ఒక మధ్యాహ్నం ఆయన నిద్రలో ఉండగా గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడింది. డాక్టరుగారి చీటీ చేతిలో ఉంది. ఈవిడ ఏం అడిగినా ముసలావిడ నవ్వుతోంది. వినపడనివాళ్లు మర్యాదకి నవ్వే నవ్వు.

సాయంత్రం జవాబుగారు ఆవిడ మొహంలోకి చూస్తూ, "ఎన్నో నంబరుకొచ్చానోయ్?" అన్నారు.

"ఐదు."

"నిన్న నాలుగన్నావే?"

"నిన్న నాలుగే."

ఆయన ఆవిడ వంక పెద్ద ప్రకటన చదువుతున్నట్టు చివరిదాకా చూశారు. పెదవుల కొసన నవ్వు కదిలింది.

"అలా చూస్తే పని జరగదు," అని ఆవిడ ఫోను అందుకుంది. "హలో, తాళాల కొట్టేనా అండీ? మీ కొట్టు సంగతి ఊళ్లో ఎవరికీ తెలిసినట్టు లేదే..."